స్టీరింగ్ ఇచ్చిండ్రు, పానా ఎవరిస్తరు?

మొన్న ఎండాకాలం సెలవుల్లో హైదరాబాద్ పోయినప్పుడు, కొండాపూర్ దాటి హఫీజ్‌పేట దిక్కు పోయే దారిలో ఒక రేకుల షెడ్డు ముందర సగం రోజు కూర్చున్నాను. ఆ షెడ్డు నడిపేవాడు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్లగాడే. మా మాదిగవాడ పిల్లగాడు. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసి ఒక ఉస్తాద్ దగ్గర చేరాడు. ఇప్పుడు ముప్పై ఏళ్లు దగ్గరపడుతున్నయి. నన్ను చూసి చేతుల గ్రీజు తుడుచుకుంటూ "జర కూర్చోండ్రి సార్, ఈ ట్యాంకర్ తోలిచ్చి వస్త" అన్నాడు.

ఆ ట్యాంకర్ పాత టాటా లారీ. వెనుక కమాన్ కట్టలో మెయిన్ పట్టీ విరిగింది. పది వేల లీటర్ల నీళ్లంటే పది టన్నుల బరువు. అంత బరువుతో రోజుకు ఎన్నో ట్రిప్పులు, గుంతల రోడ్లు. ఇనుమైనా ఎన్నిరోజులు ఓపుతది? విరిగిన పట్టీ ఒక్కటే మార్చి పంపితే పైసలు మిగులుతయి, కానీ మళ్లీ విరుగుతుంది. వీడు కట్ట మొత్తం ఇప్పి, ఒక్కో పట్టీ మీద సన్న పగుళ్లు ఉన్నయా అని వేలితో తడిమి చూసి, సెంటర్ బోల్టు, యూ బోల్టులు కొత్తవి వేశాడు. "లోడు ఎక్కినంక ఒకసారి మళ్ల రా అన్నా, బోల్టులు బిగియ్యాలె" అని డ్రైవర్‌కు రెండుసార్లు చెప్పాడు. బరువు పడ్డాక పట్టీలు సర్దుకుంటయి, బోల్టులు వదులైతయి. అది పుస్తకంలో చదివి తెలుసుకున్నది కాదు.

ఆ ట్యాంకర్ ఎక్కడికి పోతుందని అడిగితే, అద్దాల మేడల దిక్కు చెయ్యి చూపించాడు. 2024 ఎండాకాలంలో మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, మణికొండల్లో బోర్లు ఎండిపోయి జనం ట్యాంకర్ల కోసం ఎట్ల ఎదురుచూశారో పేపర్లన్నీ రాసినయి. ఆ నీళ్లు మోసిన వాటిల్లో పాత లారీలు చాలా ఉన్నయని, ఆ లారీలు ఆగకుండా చూసింది ఇసుంటి రేకుల షెడ్లని మాత్రం ఎవరూ రాయలేదు. హైటెక్ సిటీ అనంగానే మనకు కంప్యూటర్ ముందర కూర్చున్నవాడే యాదికొస్తడు. వాణ్ణి ఆఫీసుకు మోసే క్యాబు, వాని ఇంటికి నీళ్లు తెచ్చే లారీ, వాని పిల్లల్ని బడికి తీసుకుపోయే బస్సు బాగుచేసేవాడు యాదికి రాడు.

మధ్యలో ఒక డీజిల్ బండి వచ్చింది. వీడు బానెట్ ఎత్తకముందే పొగ చూశాడు. నల్ల పొగ వస్తే గాలి చాలక డీజిల్ సగమే కాలుతున్నట్టు, ఎయిర్ ఫిల్టరో నాజిలో చూడాలె. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతున్నట్టు, పిస్టన్ రింగులు అరిగి ఉంటయి. తెల్ల పొగ ఆగకుండా వస్తే టైమింగ్ తప్పిందో, హెడ్ గ్యాస్కెట్ పోయి నీళ్లు లోపలికి పోతున్నయో చూడాలె. ఇదంతా నాకు ఐదు నిమిషాల్లో పాఠంలాగా చెప్పాడు. తర్వాత ఇంకో బండికి ఫీలర్ గేజ్ పెట్టి వాల్వుల సందు సరిచేస్తూ "ఇనుము వేడికి పెరుగుతది గద సార్, దానికి జాగ ఇయ్యాలె" అన్నాడు. మిల్లీమీటరులో వందో వంతు లెక్కన పెడుతున్నాడు ఆ సందు.

నాకు తల వంగిపోయింది. ఉష్ణ వ్యాకోచం పాఠం నల్లబల్ల మీద వీనికి చెప్పింది నేనే. 'లెక్కల్లో వెనకబడినాడు' అని ప్రోగ్రెస్ కార్డులో ఎర్రసిరాతో రాసింది కూడా నేనే.

మా తాత మోట బొక్కెన కుట్టేటోడు. తోలు తొండం చిరిగితే ఊరి బావులన్నీ ఆయన కోసం ఆగేవి. నీళ్లు కారకుండా కుట్టుడు ఎంత పనితనమో ఆ పొలాలకు తెలుసు. కానీ ఊరు దానికి పెట్టిన పేరు చాకిరీ. పగిలిన దాన్ని, చిరిగిన దాన్ని బాగుచేసే కులాలన్నిటినీ కింద కూర్చోబెట్టిన దేశం ఇది. మా ఇంట్ల డిగ్రీ చదివింది నేనే మొదలు. ఆ డిగ్రీతో పాటు చేతిపని అంటే చిన్నచూపు నాకూ అంటిందని ఆ షెడ్డు కాడ కూర్చున్నప్పుడు తెలిసింది. మన సంఘాల మీటింగుల్లో కూడా డాక్టర్లు కావాలె, ఇంజనీర్లు కావాలె అంటం. మెకానిక్కుల గురించి ఒక తీర్మానం చేసినట్టు నాకు యాదికి లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్త.

సైబర్ టవర్స్ 1998 నవంబర్‌లో ప్రారంభమైంది. టాటా ఇండికా కారును జనానికి చూపించింది కూడా ఆ ఏడాదే. తర్వాత ఈ కారిడార్‌లో రాత్రింబగళ్లు తిరిగిన క్యాబుల్లో ఇండికాలది పెద్ద భాగం. ఆ పాత డీజిల్ ఇంజన్‌ను పానాల సెట్టుతో, చెవితో బాగుచేసేవాళ్లు. 2018లో ఇండికా తయారీ ఆగిపోయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 ఇంజన్లే అమ్మాలన్న నిబంధన వచ్చింది. పొగ తగ్గింది, మంచిదే. రోడ్డు పక్కన బతికే మన పిల్లల ఊపిరితిత్తులకు కూడా ఆ పొగే పోతది గనక దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఈ ఇంజన్ నిండా సెన్సర్లు. లైటు వెలిగితే ఎందుకు వెలిగిందో చెప్పేది స్కానర్. అన్ని బండ్ల లోపలికీ పోగలిగే మంచి స్కానర్ కొనే తాహతు చిన్న షెడ్డుకు లేదు.

దీనితో మనకేం పని అంటారా? 2021లో హుజూరాబాద్‌లో మొదలైన దళితబంధును యాది చేసుకోండి. కుటుంబానికి 10 లక్షలు. చాలామంది కార్లు, ట్రాక్టర్లు, గూడ్సు బండ్లు తీసుకున్నారు. ఆ పైసలతో కొత్తగా కొన్న కార్లు, గూడ్సు బండ్లు అన్నీ 2020 తర్వాతివే. అంటే అన్నీ స్కానర్ బండ్లే. ఇప్పుడు వాటి వారంటీలు ముగుస్తున్నయి. కిస్తీ కట్టి, డీజిల్ పోసి మిగిలిందంతా సర్వీస్ సెంటర్ బిల్లుకు పోతే, ఓనర్ అయిన మనవాడు మళ్లీ జీతగాడే గద. మనోళ్లకు స్టీరింగ్ ఇచ్చిండ్రు, సంతోషం. ఆ బండి బాగుచేసే పని కూడా మన పిల్లల చేతిలోనే ఉండాలన్న ఆలోచన ఆ కాగితాల మీద నాకు ఎక్కడా కనిపించలేదు.

మా ఊరి పిల్లవాడొకడు కారు తీసుకొని ఈ కారిడార్‌లోనే తిప్పుతున్నాడు. ఇంజన్ లైటు వెలిగిందని ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌కు పోయిండు. పేరు అక్కర లేదు. సెన్సర్ పోయిందని కొత్తది వేసి పద్దెనిమిది వేల బిల్లు చేతిలో పెట్టారు. మూడో రోజు లైటు మళ్లీ వెలిగింది. నా శిష్యుని షెడ్డుకు తెచ్చిండు. వీడు వైరు పట్టుకొని పొడుగునా చూసుకుంట పోతే ఒక కాడ ఎలుక కొరికి ఉంది. అతికి టేపు చుట్టిండు. తీసుకున్నది రెండు వందలు. స్కానర్ తప్పు చెప్పిందని కాదు, అది చెప్పినదాని వెనక్కి పోయి చూసే మనిషి ఉండాలె. ఆ మనిషి చేతికి స్కానర్ కూడా ఉంటే ఇంకెంత బాగుండు.

ఈ విషయంలో చట్టం మన పక్కన కొంత ఉన్నదని చాలామందికి తెలియదు. స్పేర్ పార్టులు, చెకింగ్ పరికరాలు బయటి మెకానిక్కులకు దొరకనీయకుండా కార్ల కంపెనీలు అడ్డుపడుతున్నయని 2011లో ఒక మామూలు వినియోగదారుడు కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు చేశాడు. 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కంపెనీల మీద రూ. 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. పార్టులు, పరికరాలు బయటివాళ్లకూ అందుబాటులో ఉంచాలని చెప్పింది. కంపెనీలు కోర్టులకు పోయినయి, అది వేరే కథ. 2022 డిసెంబర్‌లో కేంద్ర వినియోగదారుల శాఖ 'రిపేరు హక్కు' పేరుతో ఒక పోర్టల్ పెట్టి అందులో మోటారు బండ్లను కూడా చేర్చింది. ఈ మాటలు షెడ్డు దాకా రాలేదు. తీసుకుపోవాల్సింది మన కార్యకర్తలే.

ఇంకో పుకారు ఊర్లల్ల తిరుగుతోంది. బండికి 15 ఏళ్లు నిండితే తుక్కే అని. బ్రోకర్లు దీన్నే చెప్పి పాత బండ్లు అగ్గువకు కొంటున్నరు. అది నిజం కాదు. ఢిల్లీ చుట్టుపక్కల కోర్టు ఆదేశాలతో వచ్చిన నిబంధనలు వేరు. 2023 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన సర్కారు బండ్లను పక్కన పెట్టిన మాట వేరు. మన దగ్గర సొంత కారుకు 15 ఏళ్లు నిండితే, ఫిట్‌నెస్ ఉంటే, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవచ్చు. కాకపోతే ఫీజుతో నడుము విరగ్గొడుతున్నరు. 15 ఏళ్లు దాటిన లారీ ఫిట్‌నెస్ ఫీజు 1,500 ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి 12,500 చేశారు. కారు రెన్యువల్ 600 నుంచి 5,000 అయింది. 2025లో బాగా పాత బండ్లకు ఇంకా పెంచారు. కొత్త లారీ కొనగలిగినోనికి ఇది లెక్కలోకే రాదు. ఒక్క పాత లారీ మీద బతికేటోనికి ఇది ఏడాదికి ఒక నెల తిండి.

పాత బండి నడపాలంటే పార్టు దగ్గర మోసపోకూడదు. రాణీగంజ్‌లో, పుత్లీబౌలిలో కంపెనీ మాలు, నకిలీ మాలు, సెకండ్ మాలు మూడూ దొరుకుతయి. నా శిష్యుడు పెట్టుకున్న కట్టుబాటు ఒకటుంది. డోరు, బంపర్, సెల్ఫ్ మోటారు, డైనమో సెకండ్ వేసినా ఫరవాలేదు. బ్రేకు, స్టీరింగ్ సామాన్లు మాత్రం కొత్తవే, అదీ బిల్లుతోనే. "అన్నా పైసలు లేవు, పాతది వెయ్యి" అని ఓనర్ బతిమిలాడినా వెయ్యడు. కొన్ని గిరాకీలు దానితోనే పోయినయట. పోనీ.

అన్నీ మెచ్చుకునేటివే చూడలేదు నేను. బ్రేకు డ్రమ్ము ఇప్పంగానే కంప్రెసర్ గాలితో దుమ్ము ఊదుతున్నరు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్, అంటే రాతినార, ఉండేది. మన దేశంలో దాన్ని ఇప్పటికీ పూర్తిగా నిషేధించలేదు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే రోగం బయటపడేది ఇరవై ముప్పై ఏళ్లకు. తడిగుడ్డతో తుడవండి, ఊదకండి అని చెప్పి వచ్చాను. జాకీ ఒక్కదాని మీద లారీని నమ్మి కింద పండుకుంటున్నరు. నలుగురు పనిచేసే షెడ్డుకు ఈఎస్ఐ వర్తించదు, పది మంది ఉండాలె. కనీసం ఈ-శ్రమ్‌లో పేరైనా నమోదు చేయించండి.

ఇక చెప్పడానికి ఇష్టం లేని మాట. ఆ షెడ్డులో పానాలు అందించే చోటూ ఒకడున్నడు. వయసెంత అని అడిగితే నా శిష్యుడు పక్కకు చూసిండు. 2016 సవరణ తర్వాత 14 ఏళ్లు నిండని పిల్లల్ని ఏ పనిలో పెట్టుకున్నా నేరమే. చట్టం సంగతి పక్కన పెట్టినా, తను పోగొట్టుకున్నది ఏమిటో వానికి తెలుసు. ప్రభుత్వ ఐటీఐలో మోటార్ మెకానిక్ రెండేళ్ల కోర్సుకు పదో తరగతి పాసై ఉండాలె. 2024లో రాష్ట్రంలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తామన్నారు. మల్లేపల్లిలో శంకుస్థాపన కూడా చేశారు. కొత్త మిషన్లు అక్కడికి వస్తయి. పదేళ్లకు పైగా ఇంజన్లు ఇప్పిన వీడు మాత్రం ఆ గేటు లోపలికి పోలేడు, టెన్త్ కాగితం లేదు గనక. పని తెలిసినవానికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు కేంద్రం స్కీముల్లో ఉంది గాని, దాన్ని చూపించి బ్యాంకు లోను తెచ్చుకున్న షెడ్డు మెకానిక్ నాకు ఇంతవరకు తారసపడలేదు.

రేపు ఏ పేరుతో ఏ పథకం వచ్చినా, బండ్లతో పాటు షెడ్లకు కూడా పైసలు అడగాలె. ఒక్కొక్కనికి స్కానర్ కాకపోయినా పది షెడ్లకు కలిపి ఒకటి కావాలె. రోడ్డు వెడల్పు చేసిన ప్రతిసారీ లేపి అవతల పారేయకుండా, ఈ కారిడార్‌లోనే పట్టాతో జాగ కావాలె. కంపెనీలకు వందల ఎకరాలు ఇచ్చిన సర్కారుకు ఇది పెద్ద లెక్క కాదు.

పొద్దుగూకేటప్పుడు లేస్తుంటే, చోటూను జూన్‌లో బడికి పంపుతానని వాని దగ్గర మాట తీసుకున్న. వాడు సరే అని, గొంతు తగ్గించి "నా ఓపెన్ స్కూల్ టెన్త్ ఫారం మీరు నింపుతరా సార్?" అని అడిగిండు. అక్కడే కూర్చొని నింపడం మొదలుపెట్టినం. పుట్టిన తేదీ కాడ ఆగిపోయిండు. మా బడి పాత రిజిస్టర్ తీసి చూసి చెప్త అన్న.