గేర్ ఆయిల్‌కి వెర్షన్ నంబర్లు ఉండవు: జీఎల్-5 అంటే జీఎల్-4కి అప్‌గ్రేడ్ కాదు

ఫోన్ కొనేముందు మనం పది రివ్యూలు చూస్తాం. ప్రాసెసర్ ఏది, డిస్‌ప్లే ఎన్ని హెర్ట్జ్, ఛార్జింగ్ ఎన్ని వాట్లు, అన్నీ పోల్చి చూసి గానీ ఆర్డర్ పెట్టం. అదే బండి ఆయిల్ దగ్గరికొచ్చేసరికి "అన్నా, మంచిది ఏదో ఒకటి పోసెయ్" అంటాం. నా కథ ఇంకా ఘోరం. నేను స్పెక్స్ చదివాను. చదివి మరీ తప్పు ఆయిల్ పోశాను.

మా నాన్న దగ్గర 1994లో కొన్న యమహా ఆర్‌ఎక్స్100 ఉంది. ఆ బండిని మా ఇంట్లో బండి అనరు, ఇంకో కొడుకు అన్నట్టు చూస్తారు. పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు గేర్ ఆయిల్ నేనే మారుస్తానన్నాను. మాన్యువల్ ఎప్పుడో చెదలు తినేసింది. పక్కింటి బాబాయికి పాత బుల్లెట్ ఉంది, ఆయన్ని అడిగితే "గేర్ బాక్స్‌లో ఈపీ 90 పొయ్యాలిరా అబ్బాయ్, ముప్పై ఏళ్లుగా నేను పోస్తున్నా కదా" అన్నాడు. ఆన్‌లైన్‌లో వెతికితే జీఎల్-4, జీఎల్-5 అని రెండు కనిపించాయి. నాలుగు కంటే ఐదు పెద్దది కదా! 4.5 స్టార్లున్న 80డబ్ల్యూ-90 జీఎల్-5 డబ్బా తెప్పించి, నీట్‌గా పోసి, చేతులు కడుక్కున్నాను.

కొన్ని రోజుల తర్వాత నాన్నని వెనక కూర్చోబెట్టుకుని విజయవాడ దుర్గమ్మ ఫ్లైఓవర్ ఎక్కుతున్నాను. వెనక లారీ. యాక్సిలరేటర్ ఇస్తే ఇంజిన్ అరుస్తోంది గానీ బండి ముందుకు పోవట్లేదు. క్లచ్ జారిపోతోంది. లారీ డ్రైవర్ హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఎలాగో పక్కకి లాగి ఆపాను. నాన్న ఒక్క మాట కూడా అనలేదు, దిగి బండి ట్యాంక్ మీద చెయ్యేసి నిలబడ్డాడు. తిట్టినా బాగుండేది.

మెకానిక్ అన్న డ్రెయిన్ బోల్ట్ తీసి, వేలితో ఆయిల్ వాసన చూసి ఒకే ప్రశ్న అడిగాడు: "ఇదే ఆయిల్‌లో క్లచ్ కూడా మునిగి ఉంటది తమ్ముడూ, ఆ సంగతి తెలుసా?"

నాకు తెలీదు. ఈ ఆర్టికల్ మొత్తం ఆ ఒక్క ప్రశ్న గురించే.

ముందు అడగాల్సింది: ఆ ఆయిల్‌ని ఇంకెవరు వాడుకుంటున్నారు?

సాఫ్ట్‌వేర్ వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఆయిల్ అనేది షేర్డ్ మెమరీ లాంటిది. ఒక ప్రాసెస్‌కి నచ్చినట్టు మారిస్తే రెండోది క్రాష్ అవుతుంది.

గేర్ పళ్లకి కావాల్సింది జారుడు. పళ్ల మధ్య ఒత్తిడి పెరిగి ఆయిల్ పొర తెగినా లోహం లోహాన్ని కోసెయ్యకుండా గేర్ ఆయిల్‌లో సల్ఫర్, ఫాస్ఫరస్ కలిసిన ఎక్స్‌ట్రీమ్ ప్రెజర్ రసాయనాలు కలుపుతారు. ఈపీ అంటే అదే. కానీ వెట్ క్లచ్ ప్లేట్లకి కావాల్సింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. అవి ఆయిల్‌లో మునిగి ఉంటూనే ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవాలి. ఆ పట్టు పోతే నాకు ఫ్లైఓవర్ మీద జరిగిందే జరుగుతుంది.

ఆర్‌ఎక్స్100 టూ స్ట్రోక్ బండి. ఇంజిన్‌కి వెళ్లే 2టీ ఆయిల్ పెట్రోల్‌తో పాటే కాలిపోతుంది, గేర్ బాక్స్‌కి విడిగా ఇంకో ఆయిల్ ఉంటుంది. అందుకే అందరం దాన్ని "గేర్ ఆయిల్" అంటాం. కానీ క్లచ్ కూడా అందులోనే ఉంటుంది కాబట్టి అది అడిగేది ఇంజిన్ ఆయిల్ గ్రేడ్‌నే. పేరు గేర్ ఆయిల్, పొయ్యాల్సింది మోటార్ ఆయిల్. ఇక్కడే నేను బోల్తా పడ్డాను.

మరి బాబాయి తప్పు చెప్పాడా? లేదు. ఆయన పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌లో గేర్ బాక్స్ విడిగా ఉంటుంది. క్లచ్ పక్కనున్న ప్రైమరీ చైన్ కేస్‌లో, వేరే ఆయిల్‌లో ఉంటుంది. ఆయన గేర్ బాక్స్‌లో ఈపీ 90 పోస్తే క్లచ్‌కి సంబంధమే లేదు. ఆయన సలహా ఆయన బండికి కరెక్టే. నేను దాన్ని నా బండికి కాపీ పేస్ట్ చేశాను.

నంబర్లు చెప్పే అబద్ధం

మనలాంటి వాళ్లు ఎక్కువగా మోసపోయేది నంబర్ల దగ్గరే. వైఫై 6 కంటే వైఫై 7 మెరుగు కాబట్టి జీఎల్-4 కంటే జీఎల్-5 మెరుగు అనుకుంటాం. అవి వెర్షన్లు కావు, వేర్వేరు పనులు. జీఎల్-5లో ఈపీ రసాయనాలు చాలా ఎక్కువ. దాన్ని తయారుచేసిందే హైపాయిడ్ గేర్ల కోసం. వాటిలో పళ్లు ఒకదానిమీద ఒకటి దొర్లడం కంటే రాసుకుంటూ జారడం ఎక్కువ. మామూలు బైక్ గేర్ బాక్స్‌లో ఉండే తిన్నని పళ్ల గేర్లకి అంత మోతాదు అక్కర్లేదు. పైగా కొన్ని రకాల సల్ఫర్ రసాయనాలు వేడెక్కినప్పుడు ఇత్తడి, కంచు భాగాల్ని తినేస్తాయి. పాత బళ్లలో కంచు బుష్‌లుంటాయి. మాన్యువల్ జీఎల్-4 అంటే జీఎల్-4 పొయ్యడమే తెలివి.

రెండో మాయ చిక్కదనం నంబర్. 80డబ్ల్యూ-90 అని చూడగానే 20డబ్ల్యూ-50 కంటే దాదాపు రెట్టింపు చిక్కన అనిపిస్తుంది. కాదు. ఇంజిన్ ఆయిల్‌కి ఒక ఎస్ఏఈ స్కేలు, గేర్ ఆయిల్‌కి ఇంకో స్కేలు. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర గేర్ ఆయిల్ 90 గ్రేడ్ చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్ మధ్య ఉంటుంది. ఇంజిన్ ఆయిల్‌లో 40 గ్రేడ్‌కి 12.5 నుంచి 16.3, 50 గ్రేడ్‌కి 16.3 నుంచి 21.9. అంటే గేర్ ఆయిల్ 90, ఇంజిన్ ఆయిల్ 40, 50లు దాదాపు ఒకే చిక్కదనం. బూట్లలో యూకే సైజు 8, యూరప్ సైజు 42 ఒకే కాలికి పట్టినట్టే.

ఇక స్టార్ రేటింగ్. ఆయిల్‌కి ఎవరో ఇచ్చిన 4.5 స్టార్లు మీ క్లచ్ గురించి ఏమీ చెప్పవు. ఆ స్టార్లిచ్చినాయన దాన్ని కారులో పోశాడో, ట్రాక్టర్‌లో పోశాడో మనకేం తెలుసు?

ఏ బండికి ఏది?

మామూలు ఫోర్ స్ట్రోక్ బైకులు: స్ప్లెండర్, పల్సర్ లాంటి వాటిలో ఇంజిన్, గేర్లు, క్లచ్ అన్నీ ఒకే ఆయిల్‌లో ఉంటాయి. విడిగా గేర్ ఆయిల్ అనేదే లేదు. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందో లేదో చూడండి. వెట్ క్లచ్ జారకుండా ఉంటుందని పరీక్షించిన గుర్తు అది. జాసో ఎంబీ ఉన్నవి, కారు కోసం చేసిన "రిసోర్స్ కన్జర్వింగ్" ఆయిల్స్ వీటిలో వద్దు.

స్కూటర్లు: ఇంజిన్ ఆయిల్ ఒకటి, వెనక చక్రం దగ్గర ఫైనల్ డ్రైవ్ గేర్లకి ఇంకొకటి. క్లచ్ పొడిది కాబట్టి ఎంబీ ఆయిల్‌తో ఇబ్బంది లేదు. ఆ వెనక గేర్ కేస్‌లో పట్టేది చాలా బళ్లలో 100 మిల్లీలీటర్ల చుట్టుపక్కలే. కొన్ని కంపెనీలు అక్కడ ఇంజిన్ ఆయిల్ అడుగుతాయి, కొన్ని గేర్ ఆయిల్. ఏదడిగితే అదే పొయ్యండి. సర్వీసింగ్‌లో ఎక్కువగా మర్చిపోయేది కూడా దీన్నే. "ఫైనల్ డ్రైవ్ ఆయిల్ మార్చారా?" అని ఈసారి అడిగి చూడండి.

షాఫ్ట్ డ్రైవ్ బైకులు: బీఎండబ్ల్యూ బాక్సర్లు, మోటో గుజ్జీలు, హోండా గోల్డ్ వింగ్ లాంటివి. వెనక చక్రం దగ్గరి ఫైనల్ డ్రైవ్‌లో క్లచ్ ఉండదు, గేర్ల మీద ఒత్తిడి మాత్రం విపరీతం. హైపాయిడ్ గేర్ ఆయిల్‌కి అసలు ఇల్లు ఇదే. నేను తిడుతున్న ఆ జీఎల్-5 ఇక్కడ హీరో.

"ఇంత గోల ఎందుకు, మెకానిక్ చూసుకుంటాడు కదా" అనొచ్చు. మంచి మెకానిక్ దొరికితే నిజమే. కానీ డబ్బా కొనేది మనం, ఆఫర్ చూసి క్లిక్ చేసేది మనం. ఫోన్ తప్పు కొంటే మార్చుకునే దారేదో వెతుక్కుంటాం. తప్పు ఆయిల్ పోస్తే ఆ సంగతి బండి మీద ఇద్దరున్నప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు తెలుస్తుంది. అందుకే నా మాట ఒక్కటే. ఎక్కువ ధర, పెద్ద నంబర్, ఫుల్ సింథటిక్ అన్న ముద్ర, ఇవన్నీ తర్వాత. ముందు మాన్యువల్‌లో ఆ ఒక్క పేజీ ఫొటో తీసి ఫోన్‌లో ఫేవరెట్స్‌లో పెట్టుకోండి.

మా బండికి ఆ ఆయిల్ తీసేసి, 20డబ్ల్యూ-40 జాసో ఎంఏ ఆయిల్ పోసి చూశాం. క్లచ్ కొంచెం కుదుటపడింది గానీ పూర్తిగా పట్టలేదు, చివరికి ప్లేట్లు మార్చాల్సి వచ్చింది. మిగిలిన జీఎల్-5 డబ్బా పారేద్దామంటే మెకానిక్ అన్న ఆపాడు. "చైన్‌కి వాడుకో, గుడ్డతో అద్ది, ఎక్కువైంది తుడిచెయ్." చాలా కంపెనీల మాన్యువల్స్ కూడా చైన్‌కి 80, 90 గ్రేడ్ గేర్ ఆయిలే రాస్తాయి. ఆ డబ్బా ఇప్పుడు నాన్న దగ్గరే ఉంది. ఆదివారం పొద్దున్నే చైన్‌కి ఆయిల్ పెడుతూ నాకు ఫోన్ చేసి, "నీ ఐదో నంబర్ ఆయిల్ బానే పనిచేస్తోందిరా" అంటుంటాడు.