మూడుగంటల విద్య



మంచికథలో నీతిని గ్రహించుట యరుదు గాదు. పేలవమైన కథ సైతము శ్రద్ధతో విచారించినవారికి మేలైన మాట నొకటి చెప్పును. అట్టిదాని నొకదానిని ఈ నెల మీ ముందుంచుచున్నాము.

అమెరికాదేశమున 1966 మొదలు 1969 వఱకు ‘స్టార్ ట్రెక్’ అను కథామాల టెలివిజన్‌లో ప్రసారమయ్యెను. నక్షత్రలోకములలో సంచరించు నొక నౌక, దాని నాయకుడు కిర్క్, సహచరుడు స్పాక్, వైద్యుడు మెకాయ్ – వీరి సాహసములే యందలి వృత్తాంతము. 1968 సెప్టెంబరు 20వ తేదీన వచ్చిన ‘స్పాక్ మెదడు’ అను భాగమును ఆ మాల నభిమానించువారే మిక్కిలి పేలవమైన వానిలో నొకటిగా నెంచుదురు.

కారా అను స్త్రీ నౌకలో బ్రవేశించి, అందఱిని మూర్ఛిల్లజేసి, స్పాక్ మెదడును అపహరించును. వెదకుచు బోయిన కిర్క్ మంచు గప్పిన యొక గ్రహమును జేరును. అచట పురుషులు మంచుపై ఆటవికులవలె బ్రతుకుచుండ, స్త్రీలు భూగర్భమున సుఖముగా నుందురు. వారికి గాలిని, వెచ్చదనమును సమకూర్చు యంత్రమును నడుపుట కొక మెదడు కావలెను. అందులకే యీ దొంగతనము. ఆ స్త్రీల కేమియు దెలియదు. ‘గురువు’ అను యంత్రమును తలపై నుంచుకొనినప్పుడు మాత్రము కారాకు మహాశస్త్రవైద్యము వచ్చును. సుమారు మూడుగంటలు గడచినంతనే యది మఱపునకు వచ్చును.

మెదడులేని స్పాక్ దేహమును మీటలు నొక్కి నడిపించుట చూచినవారు నవ్వక మానరు. స్త్రీలను తెలివిలేని బొమ్మలుగా జూపినందులకు మనకు గోపము వచ్చుటయు న్యాయమే. అయినను ఆ స్త్రీల యజ్ఞాన మెచటనుండి వచ్చినదని యోచింపుడు. పూర్వు లెవరో విద్యను యంత్రమున భద్రపఱచి, సుఖమును మాత్రము వారికి విడిచిరి. తుదకు వైద్యుడు మెకాయ్ ఆ యంత్రమును ధరించి స్పాక్ మెదడును మరల నమర్పబూనగా, ఎరువు తెచ్చుకొనిన యా విద్య నడుమనే యతనిని విడిచిపోవును. ఎరువువిద్యకు స్త్రీపురుషభేదము లేదు. అతనికి స్వయముగా వచ్చిన వైద్యమును, అప్పటికి మాటవచ్చిన స్పాక్ సూచనలును పనిని ముగించెను.

మన పిల్లల పరీక్షయు మూడుగంటలే గదా! దాని కొఱకు వల్లించినది మఱునాడు మిగులనిచో, మనమును ‘గురువు’ను తలకు దొడిగి తీసినట్లే.

ఇందులకు బ్రతియైన కథ మన ఉదయగిరి ప్రాంతముననే జరిగినది. 1990 తరువాత నెల్లూరుజిల్లాలో సాగిన యక్షరాస్యతోద్యమమున స్త్రీలు రాత్రిబడులకు బోయిరి. వారి వాచకమున సారాయివలన కాపురము చెడిన యొక యిల్లాలి కథ యుండెను. కొలది పంక్తుల పాఠము. కవిత్వము లేదు, చమత్కారము లేదు. చదివినవారు మాత్రము అందు తమ బ్రతుకునే చూచికొనిరి. కలిగిరి మండలములోని దూబగుంట స్త్రీలు ఏకమై తమ యూరి సారాదుకాణమును మూయించిరి. వారి విజయమే మఱియొక పాఠమై జిల్లాయంతట చదువబడెను. 1993 అక్టోబరు 1వ తేదీన రాష్ట్రమున సారాయి నిషేధింపబడెను. ఆ యుద్యమము వెంటనే దినమున కొక రూపాయి కూడబెట్టు పొదుపుసంఘములు జిల్లాలో వెలసెను.

నేడు మర్రిపాడు మొదలైన మెట్టపల్లెలలోను సంఘము లెక్కయు, బ్యాంకు సందేశమును సెల్‌ఫోనులోనికే వచ్చుచున్నవి. దానిని కుమారునిచేతనో, పొరుగువారిచేతనో చదివించుకొని, రహస్యసంఖ్యను సైతము వారికే యప్పగించు తల్లులు గలరు. సొమ్ము వారిది, తాళపుచెవి పరులది. సాయము గోరుటలో దోషము లేదు. ఎన్నటికిని నేర్వకుండుటలోనే యపాయ మున్నది.

కావున సోదరీమణులారా! ఈ నెల సంఘము కూడినప్పుడు, లెక్కల పుస్తకమును ప్రతివారము నొకరే చదువక, వంతులవారీగా నొక్కొక్కరు చదువుడు. తడబడినచో ప్రక్కనున్నవారు సరిదిద్దవలెను గాని పుస్తకమును లాగికొనరాదు. నెమ్మదిగా వచ్చిన విద్యయే నిలుచును. మన కుమార్తెలకు మనము ఇచ్చు సారెలో నదియు నుండుగాక యని కోరుచున్నాము.