తాళం సైకిలుకా, లారీకా?

మొన్న మా వీధిలో ఒక సైకిలుకు శిక్ష పడింది.

మా పాలావిడ కూతురు, పదో తరగతి పిల్ల, సందెవేళ ట్యూషను నుంచి వస్తూ వెనక లారీ హారను మోగేసరికి బెదిరి తారురోడ్డు అంచు దిగింది. అంచుకీ మట్టికీ మధ్య జానెడు ఎత్తు. చక్రం మళ్లీ పైకెక్కలేదు. పిల్ల పడింది, మోచెయ్యి విరిగింది. లారీ దారిన లారీ పోయింది. రాత్రికి వాళ్ల నాన్న సైకిలును పందిరి గుంజకు గొలుసుతో కట్టి తాళం వేశాడు. చూడవచ్చిన అమ్మలక్కలందరిదీ ఒకటే తీర్పు: "ఆడపిల్లకు సైకిలెందుకమ్మా, చెప్తే వింటిరా?"

"ఇంక బడికెట్లా పోతావే?" అని అడిగాను.

"కుదిరినప్పుడు నాయన బండి మీద దింపుతాడంట పెద్దమ్మా" అంది.

కుదిరినప్పుడట! పొద్దున్నే పలకల ఫ్యాక్టరీకి పరుగెత్తే మనిషికి నెలలో ఎన్నాళ్లు కుదురుతుందో మీరే చెప్పండి. చదువు మానిపించడానికి మన ఇళ్లలో "వద్దు" అనే మాట వాడరు, "కుదరదు" అంటారు, అంతే.

నాకు వొళ్లు మండింది. బావి గట్టున ఒకే చోట నలుగురు జారిపడితే నాచు గీకుతాంగాని, నీళ్లు తోడటం మానేస్తామా? మరి రోడ్డు దగ్గరికొచ్చేసరికి ఈ తెలివి ఏ గట్టెక్కుతుంది?

మార్కాపురం మీదుగా 565వ నంబరు జాతీయ రహదారి, గిద్దలూరు, కంభం మీదుగా 544డి పోతున్నాయి. దూరాన్నుంచి వచ్చే లారీకి అవి రహదార్లు. మన పిల్లలకు అవే బడికీ బజారుకీ పోయే వీధులు. చిక్కంతా ఇక్కడుంది.

సైకిలు ప్రమాదాలు ఆకాశంలోంచి వూడిపడవు. వాటికీ చిరునామాలున్నాయి. పక్కన లారీ నిలిపితే సైకిలు నడిరోడ్డెక్కాలి, అది ఒక చోటు. సందులోంచి రోడ్డెక్కే మలుపు రెండోది. ఎడమకు తిరిగే లారీ పక్కన, డ్రైవరు కంటికి ఆనని జాగా మూడోది. డివైడరు సందు ఎక్కడో దూరాన వుంటే ఎదురు దారిన తొక్కాల్సి వచ్చే చోటు నాలుగోది. తారు మీద తారు పోసి ఎత్తు పెంచి, పక్కన గ్రావెలు పొయ్యడం మరిచిన అంచు అయిదోది. వీటికి సందెచీకటి తోడైతే సరేసరి! దేశం మొత్తం మీద కూడా సాయంత్రం 6 నుంచి 9 దాకా వుండే మూడు గంటల్లోనే ప్రమాదాలు ఎక్కువని సర్కారు లెక్కలే చెబుతున్నాయి.

ఇందులో పిల్ల తప్పెంత? 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో నూటికి 71 చావులు అతివేగం పద్దులోవే. బండి మీద దింపితే భద్రమంటారా? ఆ యేడాది పోయినవాళ్లలో నూటికి 44 మంది మోటారు ద్విచక్రవాహనాల మీద వెళ్లినవాళ్లే.

సైకిలంటే ఆటవస్తువనుకునేరు! 2006లో బీహారులో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ల పథకం పెట్టాక, హైస్కూల్లో చేరే ఆడపిల్లలు దాదాపు మూడోవంతు పెరిగారని పరిశోధకులు తేల్చారు. మన రాష్ట్రంలోనూ 2014-19 మధ్య "బడికొస్తా" పేరుతో సర్కారు బళ్ల ఆడపిల్లలకు సైకిళ్లిచ్చారు. బాగానే వుంది. దారేదీ? విస్తరి వేసి వడ్డన మరిచినట్టు లేదూ!

దారంటే కోట్లు కావాలంటారు మా ఆయన. హైదరాబాదులో 2023లో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి వేసి, పైన సోలారు పలకల కప్పు కూడా వేశారు. సంతోషమే. మనకు కప్పులొద్దు. మెయిన్ రోడ్డు వెనకాల వున్న వీధుల్నే బడిదాకా కలిపి, అడ్డంగా నిలిపిన బండ్లు తీయించి, దీపాలు వెలిగించండి. రోడ్డు దాటక తప్పని చోట ఎత్తు గట్టు వేసి తెల్లగీతలు గీయండి. తారు అంచుకు గ్రావెలు పోయండి. బడి వున్న చోట వేగం 30 దాటనివ్వకండి. 2020లో స్టాక్‌హోమ్‌లో చేరిన దేశాలవాళ్లు అన్నదీ ఈ 30 మాటే. 60లో వచ్చే బండి దెబ్బలో 30లో వచ్చేదానికి నాలుగింతల బలం వుంటుంది మరి!

ఇంకోటి. రోడ్డు ప్రమాణాల ప్రకారం లేక ప్రాణం పోతే, అంగవైకల్యం కలిగితే, బాధ్యులైన కంట్రాక్టరుకైనా అధికారికైనా లక్ష రూపాయలదాకా జరిమానా వెయ్యొచ్చని 2019లో మోటారు వాహనాల చట్టంలో 198ఎ సెక్షను చేర్చారు. తప్పు రోడ్డుది కూడా కావచ్చని చట్టమే ఒప్పుకుంది. మన అమ్మలక్కలే ఇంకా ఒప్పుకోలేదు!

నెదర్లాండ్స్ పుట్టుకతోనే సైకిళ్ల స్వర్గమనుకుంటాం. 1971లో అక్కడ 400 మందికి పైగా పిల్లలు రోడ్ల మీద చచ్చిపోయారు. తల్లులూ తండ్రులూ "పిల్లల హత్య ఆపండి" అంటూ వీధుల్లో కూచున్నారు. ఇవాళ మనం ఫోటోల్లో చూసి మురిసే ఆ సైకిలు దారుల వెనక వాళ్ల పట్టుదల చాలా వుంది. వాళ్లు పిల్లల సైకిళ్లకు తాళాలు వేసి వుంటే ఏమయ్యేది?

మనది పలకల ఊరు కదా. ఒక వారంపాటు మీ పిల్ల బడికి పోయే దారిన నడిచి, గుండె ఝల్లుమన్న చోటల్లా పలక మీద రాయండి. పదిమంది పలకలు కలిస్తే అదే ఊరి ప్రమాదాల పటం. దాన్ని మునిసిపాలిటీ బల్ల మీద పెట్టి, జవాబు వచ్చేదాకా కదలకండి.

నేను మొదలుపెట్టాను. నా పలక మీద మొదటి గీత, పాలావిడ కూతురు పడిన చోటు.