వెబ్‌సైటులో తెలుగు అక్షరానికి చోటేది?

విదేశాలలోని తెలుగు సంఘానికి సొంత వెబ్‌సైటు ఉండడం నేడు పరిపాటి. ఉగాది వేడుకల వివరాలు, సభ్యత్వ రుసుము, కార్యవర్గ సభ్యుల ఛాయాచిత్రాలు, నాటక ప్రదర్శనల దృశ్యాలు అన్నీ అందులో దర్శనమిస్తాయి. అయితే తెలుగు సంఘం వెబ్‌సైటులో తెలుగు ఎంత ఉందని వెదికితే, చాలా సందర్భాలలో నిరాశే ఎదురవుతుంది. పైభాగాన స్వాగతం పలికే ఒక పటం, ఉత్సవం కోసం వేసిన రంగురంగుల కరపత్రం, వీటితోనే తెలుగు సరి. చిత్రమేమంటే అవి కూడా అక్షరాలు కావు, అక్షరాల బొమ్మలు. ఈ పద్ధతి మారవలసిన అవసరం ఎంతైనా ఉంది.

బొమ్మకూ అక్షరానికీ భేదమేమిటని కొందరికి సందేహం కలుగవచ్చు. మనిషి కంటికి రెండూ ఒకటే. కంప్యూటరుకు మాత్రం బొమ్మ అంటే రంగు చుక్కల సముదాయం, అక్షరం అంటే నిర్దిష్టమైన ఒక సంఖ్య. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణం ప్రపంచ లిపులలోని అక్షరాలకు ఇటువంటి సంఖ్యలను కేటాయించింది. తెలుగుకు అందులో మొదటినుండీ 128 స్థానాలున్నాయి. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు, అంకెలు అన్నీ అక్కడే ఇముడుతాయి. ఉదాహరణకు ‘క్ష’ అనే సంయుక్తాక్షరం కంప్యూటరులో క, పొల్లు, ష అనే మూడు సంకేతాలుగా నిలుస్తుంది. వాటిని కలిపి వత్తుతో సహా తీర్చిదిద్దే పని ఫాంటుది. ‘తెలుగు’ అనే మాటకు ఆరు సంకేతాలు చాలు. వెబ్‌లో వాడుకలో ఉన్న యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో అవి 18 బైట్లు. అదే మాటను కరపత్రంలో బొమ్మగా పెడితే వేల బైట్లు ఖర్చవుతాయి.

ఖర్చుకన్న పెద్ద నష్టం మరొకటి ఉంది. బొమ్మలోని మాటను అన్వేషణ యంత్రాలు నమ్మకంగా వెదికి ఇవ్వలేవు. చూపు లేనివారికి పుటను చదివి వినిపించే సాఫ్ట్‌వేరు, ఆ బొమ్మకు వివరణ రాసి ఉంచకపోతే, దానిని అర్థవంతంగా చదవలేదు. ఫోనులో పెద్దది చేసి చూస్తే అంచులు అలుక్కుపోతాయి. బొమ్మనుండి అక్షరాలను గుర్తించే సాధనాలు నేడున్నా, అలంకారపు అక్షరాలు, వత్తులు వచ్చేసరికి అవి పొరబడుతుంటాయి. అదే అక్షరమైతే, తెలుగు విని అర్థం చేసుకోగలిగినా చదవలేని పిల్లవాడు ఫోను చేత చదివించుకొని వినగలడు. స్వదేశంలోని తాతగారు అక్షరాలను కావలసినంత పెద్దవి చేసుకొని మనుమరాలి వ్యాసం చదువుకోగలరు.

ఇందుకు పూర్వకాలపు ఇబ్బందులను కారణంగా చూపేవారున్నారు. వెబ్ వ్యాప్తిలోకి వచ్చిన 1990 దశకంలో ఆ ఇబ్బందులు నిజమే. ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు రూపాలను కూర్చిన ఫాంట్లే నాడు దిక్కు. ఒక్కొక్క సంస్థ ఫాంటుది ఒక్కొక్క అమరిక. ఆ ఫాంటు లేని కంప్యూటరులో పద్యం కాస్తా అర్థంలేని రోమను అక్షరాల కుప్పగా మారేది. ఆ తరువాత 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే యూనికోడ్ ఫాంటు లభించింది. 2003లో తెలుగు వికీపీడియా ఆరంభమైంది. నేటి ఫోన్లలో తెలుగు చదవడానికీ, రాయడానికీ విడిగా కొనవలసినదేమీ లేదు. కనుక నాటి సాకు నేడు చెల్లదు.

నిర్లక్ష్యానికి చెల్లించవలసిన మూల్యం ఎంతటిదో చరిత్ర చెబుతూనే ఉంది. ఉచితంగా పుటలు పెట్టుకొనే వీలు కల్పించిన జియోసిటీస్ అమెరికాలో 2009లో మూతపడింది. లక్షలాది వ్యక్తిగత పుటలు దానితో పాటు మూల స్థానంనుండి తొలగిపోయాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి సంస్థలు పూనుకొని భద్రపరచినవి మాత్రం మిగిలాయి. కదిలే బొమ్మలతో ఒకప్పుడు వెబ్‌సైట్లకు శోభ తెచ్చిన ఫ్లాష్ సాంకేతికతకు 2020 డిసెంబరుతో మద్దతు ఆగిపోయింది. దానిపైనే పూర్తిగా ఆధారపడిన పుటలు సాధారణ బ్రౌజర్లలో తెరుచుకోవు. ఆడంబరం కోసం ఎన్నుకొన్నవి అంతరించగా, సాదా అక్షరాలతో కూర్చిన తొలినాటి పుటలు నేటికీ చదువదగినవిగా ఉన్నాయి. నిరాడంబరమైనదే చిరకాలం నిలుస్తుందన్న పాఠం ఇందులో ఉంది.

వెబ్‌సైటు నిర్మించే యువకులు గమనించవలసిన అంశాలు కొన్ని ఉన్నాయి. మొదటిది ఫాంటు. మండలి, రామభద్ర, గిడుగు, నోటో వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా లభిస్తున్నాయి. శీర్షికలకు ఒకటి, వ్యాసానికి ఒకటి చాలు. తెలుగు ఫాంట్లలో సంయుక్తాక్షరాల రూపాలు అనేకం ఉండడం వల్ల అవి బరువైనవి. ఎక్కువ ఫాంట్లు వాడితే పుట తెరుచుకోవడం ఆలస్యమవుతుంది.

రెండవది పంక్తుల మధ్య ఎడం. తెలుగు అక్షరానికి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. ఇంగ్లీషుకు సరిపడే ఎడమిస్తే పై పంక్తి వత్తు కింది పంక్తి గుడికి తగులుతుంది. అక్షర పరిమాణానికి 1.6 రెట్లకు తగ్గకుండా ఎడం ఇవ్వడం మేలు. అక్షరాలను విడదీసి పరచడం, పక్కకు వాల్చడం వంటి ఇంగ్లీషు అలంకారాలు తెలుగుకు నప్పవు. అక్షరాల రంగుకూ వెనుక రంగుకూ మధ్య వెలుగు నిష్పత్తి కనీసం 4.5 ఉండాలని వెబ్ సౌలభ్య ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. పసుపు మీద తెలుపు రాతలు పండుగ శోభనిస్తాయేమో గాని, పెద్దల కళ్లకు పరీక్షే.

మూడవది భాషా సూచన. పుట తెలుగులో ఉన్నదని దాని మూలంలో సూచిస్తే, చదివి వినిపించే సాఫ్ట్‌వేరు తెలుగు ఉచ్చారణను ఎన్నుకోగలుగుతుంది. ఒకే పుటలో ఇంగ్లీషు, తెలుగు రెండూ ఉంటే ఏ భాగం ఏ భాషదో విడివిడిగా సూచించాలి. కరపత్రం తప్పనిసరియైతే తేదీ, వేళ, స్థలం, ప్రవేశ రుసుము దాని కిందనే అక్షరాలలో రాయాలి.

నాలుగవది యాజమాన్యం. దీనిని సాంకేతిక విషయం కాదని తోసిపుచ్చడం పొరపాటు. డొమైన్ పేరు ఉత్సాహవంతుడైన ఒక సభ్యుని సొంత పేరిట, సొంత ఈమెయిలుతో నమోదై ఉంటే, ఆయన ఊరు మారిననాడు గడువు తీరి అది పరుల పాలు కావచ్చు. నమోదు సంఘం పేరిటనే ఉండాలి. కార్యవర్గం మారినపుడు ఖాతా పుస్తకాలతో పాటు సంకేతపదాలను కూడా లిఖితపూర్వకంగా అప్పగించాలి. కొత్త కార్యవర్గం పాత పుటలను చెరిపివేసి మళ్లీ మొదలుపెట్టడం కూడా తగదు. పుటల చిరునామాలు మారకుండా ఉండాలని వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే ఒక వ్యాసంలో వాదించారు.

పిల్లలు తెలుగు చదవరు గనుక ఇంత శ్రమ ఎందుకని ఒక వాదన ఉన్నది. కంటికి కనిపించని లిపిని పిల్లలు నేర్చుకోవాలని కోరడం న్యాయం కాదు. ఇంగ్లీషును తొలగించనవసరం లేదు. రెండు భాషలూ పక్కపక్కన ఉంటే చాలు. ఎదిగే పిల్లలకు తెలుగు అక్షరం ఇంటి గోడమీది అలంకారంగా కాక, నిత్యం పనికివచ్చే సాధనంగా కనిపిస్తుంది.

సంచికలు, కవితలు, నాటకాలు, పెద్దల జ్ఞాపకాలు ప్రవాస జీవితపు చరిత్రకు ఆధారాలు. వాటిని ముద్రణ కోసం కూర్చినపుడే యూనికోడ్ ప్రతిని కూడా భద్రపరచి వెబ్‌సైటులో ఉంచడం ప్రతి సంఘం చేయగలిగిన పని. దీనికి కావలసినది ధనం కాదు, ఒక తీర్మానం. రానున్న సర్వసభ్య సమావేశంలోనే ఆ తీర్మానం చేసే సంఘాలను భావి తరాలు కృతజ్ఞతతో తలచుకొంటాయనుటలో సందేహం లేదు.