‘ఓన్లీ’ తప్పుకి తెలుగును నిందించకండి

ఇంగ్లిష్ రావాలంటే తెలుగులో ఆలోచించడం మానేయాలని చాలామంది మనకు చెబుతుంటారు. నేను ఒప్పుకోను. ‘ఓన్లీ’ని ఎక్కడ పెట్టాలో నేర్పేది తెలుగే.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలున్న ఊరు ఖరగ్‌పూర్. ‘ఐ కేమ్ ఎస్టర్డే ఓన్లీ’ అనే మాట ఇక్కడ మనవాళ్ళ నోట వినబడుతుంది. అది ‘నిన్ననే వచ్చాను’లోని ‘ఏ’. ఆలోచనలో తప్పు లేదు, వైపు మారిందంతే. తెలుగులో ‘మాత్రమే’ పదం తర్వాత వస్తుంది. ఇంగ్లిష్ రాతలో ‘ఓన్లీ’ పదానికి ముందు రావాలి.

ఈ రెండూ చూడండి:

‘ఓన్లీ దిస్ ట్రెయిన్ స్టాప్స్ ఎట్ ఖరగ్‌పూర్’: ఈ బండి మాత్రమే ఆగుతుంది.

‘దిస్ ట్రెయిన్ స్టాప్స్ ఓన్లీ ఎట్ ఖరగ్‌పూర్’: ఈ బండి ఖరగ్‌పూర్‌లో మాత్రమే ఆగుతుంది.

మొదటిదాన్ని నమ్మితే మిగతా బళ్ళు వదిలేస్తారు. రెండోదాన్ని నమ్మితే మధ్యలో దిగలేరు.

అర్థం తెలుస్తుంటే ‘ఓన్లీ’ని క్రియ ముందు పెట్టినా తప్పు కాదని ఫౌలర్ 1926లోనే వాదించాడు. మాట్లాడేటప్పుడు సరే, ఏ పదమో గొంతు నొక్కి చెబుతుంది. జవాబు పత్రానికి గొంతు లేదు.

‘ఆల్వేస్’, ‘ఆఫెన్’ లాంటివాటి సంగతి వేరు. అవి మామూలుగా ప్రధాన క్రియకు ముందు, ‘ఈజ్’, ‘ఆర్’లకు తర్వాత వస్తాయి. అంతవరకు రూల్ నేర్చుకోవాల్సిందే.

సివిల్స్ మెయిన్స్‌లో ఇంగ్లిష్ పేపర్ 300 మార్కులకు. 25 శాతం రాకపోతే మిగతా పేపర్లు లెక్కలోకే రావు. ఆ భయంతో రూల్స్ బట్టీ పట్టేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: తెలుగులో ‘మాత్రమే’ ఏ పదానికి తగిలిస్తాను? ‘ఓన్లీ’ దాని ముందు పెట్టండి.