వార్డులో సమాన లెక్క: బ్రిటన్‌లో పనిచేస్తున్న తెలుగు నర్సుల ప్రణాళిక

మేము బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేస్తున్న తెలుగు నర్సులం. కొందరం బీఎస్సీ నర్సింగ్ చదివాం, కొందరం జీఎన్‌ఎం చేశాం. హైదరాబాద్, విజయవాడ, విశాఖ ఆసుపత్రుల ఐసీయూల్లో, ఆపరేషన్ థియేటర్లలో, డయాలసిస్ యూనిట్లలో పని నేర్చుకుని ఇక్కడికొచ్చాం. మాతో భుజం కలిపి పనిచేసే నర్సుల కోసం, వార్డు మేనేజర్ల కోసం, రేపు మా దారినే రాబోయే చెల్లెళ్లూ తమ్ముళ్ల కోసం ఈ ప్రణాళిక రాస్తున్నాం.

ఇది రోగుల మీద ఫిర్యాదు కాదు. రోగి నోరు జారితే ఏం చేయాలో ఆసుపత్రికి తెలుసు. జాతిని బట్టి దూషించే రోగికి అత్యవసరం కాని వైద్యం నిరాకరించే వీలు ఇంగ్లండ్ ఆసుపత్రులకు 2020 ఏప్రిల్ నుంచే ఉంది. పక్కనే నిలబడి మందుల ట్రాలీ తోసే మనిషి చిన్నచూపు చూస్తే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. మేము మాట్లాడేది దాని గురించే.

ఎందుకు రాస్తున్నాం?

బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ 1948 జులై 5న మొదలైంది. మొదలైన కొద్దికాలానికే నర్సులు చాలక కరీబియన్ దీవుల నుంచి యువతులను పిలిపించుకున్నారు. మూడేళ్లు చదివి రిజిస్టర్డ్ నర్సులవుతామని వచ్చినవాళ్లలో ఎందరినో రెండేళ్ల ఎన్‌రోల్డ్ నర్సు శిక్షణలోకి మళ్లించారు. రెంటికీ తేడా ఏమిటో చాలామందికి ముందుగా చెప్పనే లేదు. ఆ రెండో సర్టిఫికెట్‌తో ఇక్కడ పై మెట్టు ఎక్కడం కష్టం. తిరిగి వెళ్తే అనేక దేశాల్లో దానికి విలువే లేదు. ఆ గ్రేడు పోయి చాలాకాలమైంది. మనిషి చేతి పని చూడకముందే ఆమె స్థాయిని ఖాయం చేసే అలవాటు మాత్రం పోలేదు.

ఈ దేశపు నర్సింగ్ రిజిస్టర్‌లో ఇవాళ ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా వేరే దేశంలో శిక్షణ పొందినవారే. వారిలో భారత్, ఫిలిప్పీన్స్‌ల వాటా పెద్దది. 2020 డిసెంబర్ 8న కోవెంట్రీలో ప్రయోగ దశ దాటిన తొలి కోవిడ్ టీకా వేసింది ఫిలిప్పీన్స్‌లో పుట్టిన మే పార్సన్స్ అనే నర్సు. అప్పుడు దేశమంతా మెచ్చుకుంది. కానీ 2024 ఆగస్టులో జరిగిన వలస వ్యతిరేక అల్లర్లలో సండర్లాండ్‌లో డ్యూటీకి వెళ్తున్న ఫిలిప్పీన్స్ నర్సుల మీద దాడి జరిగింది. మా రోజులు ఎక్కువగా ఆ పొగడ్తకూ ఆ దాడికీ నడుమ, పన్నెండు గంటల షిఫ్టుల్లో గడుస్తాయి. మా పట్ల ఎవరి మనసులో ఏముందో తవ్వడం మా పని కాదు. పని పంచే కాగితంలో ఏముందో అడిగే హక్కు మాకుంది. మా సూత్రాలన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

1. మా అనుభవాన్ని సున్నా నుంచి లెక్కపెట్టకండి.

సాధారణంగా ఐఈఎల్‌టీఎస్ గానీ ఓఈటీ గానీ ఇంగ్లిష్ పరీక్ష పాసై, కంప్యూటర్ పరీక్ష రాసి, పది స్టేషన్ల ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష దాటితేనే మాకు పిన్, అంటే రిజిస్ట్రేషన్ నంబర్, వస్తుంది. పిన్ వచ్చాక పదేళ్లు ఐసీయూలో పనిచేసినవారైనా సాధారణంగా కొత్త గ్రాడ్యుయేట్‌తో పాటు జీతపు మెట్లలో బ్యాండ్ 5లోనే మొదలుపెడతారు. దాన్ని ఒప్పుకునే వచ్చాం. క్యాన్యులా పెట్టడానికీ ఐవీ మందులు ఇవ్వడానికీ ఇక్కడి పద్ధతిలో మళ్లీ పరీక్షించి సంతకం చేయాలన్నా అభ్యంతరం లేదు, రోగి భద్రత అన్నిటికంటే ముందు. కానీ ఆ సంతకం పెట్టాల్సినవారికి తీరిక దొరక్క నెలలు గడుస్తాయి. ఈలోగా "ఆమెకు ఐవీలు రావు" అనే మాట స్టాఫ్ రూమంతా తిరుగుతుంది. మా అభ్యంతరం దీనికి. మొదటి వారంలోనే మమ్మల్ని పరీక్షించేది ఎవరో, ఏ తేదీలోపో రాసివ్వాలి. గడువు దాటితే ఆ జాప్యం మేనేజర్ ఖాతాలో పడాలి.

2. సందేహం వస్తే ముందు మమ్మల్నే అడగండి.

డేటిక్స్ అనేది జరిగిన పొరపాటు నుంచి వార్డు నేర్చుకోవడానికి పెట్టిన వ్యవస్థ. మనిషి మీద చిట్టా రాయడానికి దాన్ని వాడుకోకూడదు. ఒకే రకం పొరపాటుకు స్నేహితురాలికి టీ తాగుతూ ఓ మాట చెప్పి, మాకు ఫారం నింపి పంపిస్తే భేదం అక్కడే బయటపడుతుంది. రోగికి హాని జరిగినా, జరగబోయినా ఎవరి మీదైనా నివేదిక రాయాల్సిందే, మా మీద కూడా. అయితే ఆ షిఫ్టు ముగిసేలోపు మాతో మాట్లాడండి. క్రమశిక్షణ చర్యలు ఎవరి మీద ఎక్కువ మొదలవుతున్నాయో, ఇంటర్వ్యూల వడపోతలో ఎవరు మిగులుతున్నారో చూసేందుకు ఎన్‌హెచ్‌ఎస్ 2015లోనే వర్క్‌ఫోర్స్ రేస్ ఈక్వాలిటీ స్టాండర్డ్ తెచ్చింది. ఆ అంకెలు వెబ్‌సైట్‌కే పరిమితం కాకుండా వార్డు మీటింగులోకి రావాలి.

3. యాసను తెలివికి కొలతగా వాడకండి.

గ్లాస్గో యాస, న్యూకాజిల్ యాస చెవికి పట్టడానికి మాకు సమయం పడుతుంది. మా ఇంగ్లిష్ మీ చెవికి పట్టడానికీ అంతే సమయం ఇవ్వండి. ఫోన్‌లో మా మాట అర్థం కాకపోతే "వేరే నర్సుకు ఇవ్వు" అనకండి, మళ్లీ చెప్పమనండి. మేమూ మాట ఇస్తున్నాం: హ్యాండోవర్‌ను ఎస్‌బార్ (పరిస్థితి, నేపథ్యం, అంచనా, సిఫార్సు) క్రమంలోనే చెప్తాం. ఫోన్‌లో విన్న ల్యాబ్ అంకెను తిరిగి చదివి వినిపిస్తాం. అర్థం కానప్పుడు తల ఊపకుండా "అర్థం కాలేదు" అంటాం. రోగి ముందు ఇంగ్లిష్‌లోనే మాట్లాడతాం. తెలుగు రాని సహోద్యోగి మా బల్ల దగ్గర కూర్చుంటే ఆమెను కలుపుకుంటాం. మాలో మేము అన్నం తినేటప్పుడు తెలుగులో మాట్లాడుకుంటే అందులో కుట్ర వెతక్కండి.

4. మా మౌనాన్ని చేతకానితనం అనుకోకండి.

మేము పనిచేసిన ఆసుపత్రుల్లో పెద్ద డాక్టర్ వస్తే లేచి నిలబడతాం, "సార్" అనే పిలుస్తాం. ఎదురు ప్రశ్న వేస్తే పొగరు అంటారు. ఇక్కడ కన్సల్టెంట్‌ను పేరు పెట్టి పిలుస్తారు, మందు మోతాదు తప్పనిపిస్తే అక్కడికక్కడే అడగాలి. అడగకపోతే నర్సుదే తప్పు. ఈ మార్పు మేమే చేసుకోవాలి, చేసుకుంటాం. రౌండ్స్‌లో రోగి గురించి మాట్లాడేటప్పుడు మా తల మీదుగా పక్కవారిని అడగడం మాత్రం మీరు మానాలి. ఆ రోగి మా బేలో, అంటే మాకు అప్పగించిన పడకల భాగంలో, ఉంటే మమ్మల్నే అడగండి.

స్నానం చేయించడం, తినిపించడం మా ఊళ్లలో ఎక్కువగా ఇంటివాళ్లూ ఆయమ్మలూ చేస్తారు. ఇక్కడ అదీ నర్సింగే. పడక పుండు ఎక్కడ మొదలవుతోందో తెలిసేది ఆ స్నానం దగ్గరే. ఆ పనిని మేము తక్కువగా చూడం. అలాగని ఎత్తి పడుకోబెట్టాల్సిన రోగులు నిండిన బే ప్రతి షిఫ్టులోనూ మా పేరు మీదే పడుతుంటే ఊరుకోం. అలొకేషన్ వంతులవారీగా తిరగాలి.

5. వీసాను బెదిరింపుగా వాడకండి.

మా వీసా ఆసుపత్రి ఇచ్చే స్పాన్సర్‌షిప్ మీద నిలబడి ఉంటుంది. ఉద్యోగం పోతే మరో స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి సాధారణంగా దొరికేది 60 రోజులే. గడువులోపు వెళ్లిపోతే నియామక ఖర్చు తిరిగి కట్టాలన్న షరతు మాలో కొందరి కాంట్రాక్టుల్లో ఉంది. పిల్లల బడి, ఇంటి అద్దె, ఊళ్లో తీర్చాల్సిన అప్పు అన్నీ ఆ కాగితంతో ముడిపడి ఉన్నాయి. అందుకే "నీ వీసా గుర్తుంచుకో" అని నవ్వుతూ అన్నా మాకు అది హెచ్చరికగానే వినిపిస్తుంది. అదనపు షిఫ్టు కోసం, సెలవు రద్దు కోసం, ఫిర్యాదు వెనక్కి తీసుకోవడం కోసం ఆ మాట వాడినవారిని మేము రాతపూర్వకంగా ప్రశ్నిస్తాం. ఒంటరిగా వెళ్లం, యూనియన్ ప్రతినిధితో వెళ్తాం.

6. పై మెట్టుకు దారి అందరికీ కనిపించాలి.

బ్యాండ్ 5లో ఏళ్లకేళ్లు ఆగిపోయినవారు మాలో ఎందరో ఉన్నారు. బ్యాండ్ 6 ఇంటర్వ్యూలో "ఇన్‌చార్జిగా ఎప్పుడైనా చేశారా?" అని అడుగుతారు. ఆ అవకాశమేమో ముందురోజు మాటల్లోనే ఎవరికో వెళ్లిపోయి ఉంటుంది. తాత్కాలిక ఇన్‌చార్జి బాధ్యతలు, లింక్ నర్సు పనులు, శిక్షణ సీట్లు నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఎంపిక కానివారికి కారణం కాగితం మీద ఇవ్వాలి.

7. మనల్ని ఒకరిమీదికొకరిని ఉసిగొల్పనివ్వం.

ఇక్కడి నర్సులకు కోపం ఉంది, అందులో న్యాయమూ ఉంది. ఇంగ్లండ్‌లో నర్సింగ్ విద్యార్థుల బర్సరీని 2017లో ఎత్తేశారు. 2020 నుంచి కొంత సాయం తిరిగి ఇస్తున్నా, అప్పు చేసి చదివిన పిల్లలు మనుషులు చాలని వార్డుల్లోకి వస్తున్నారు. ఆ కోపం మా వైపు తిరిగితే లాభపడేది ఖాళీలు నింపని వాళ్లే. మేము చవక కూలీలం కాదు, బ్యాండ్ ఒకటైతే జీతపు స్కేలూ ఒకటే. 2022 డిసెంబర్ 15, 20 తేదీల్లో రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ సమ్మె చేసింది మనందరి జీతం కోసం. మాలో ప్రతి ఒక్కరం ఏదో ఒక యూనియన్‌లో సభ్యులం అవుతాం. తెలుగువాళ్లు ఒక జట్టు, మలయాళీలు ఒక జట్టు, ఆఫ్రికావాళ్లు ఒక జట్టు అన్న విడిపాటును మేము పెంచం.

8. ఇంటి దగ్గరా ఇదే నియమం.

హైదరాబాద్ ఆసుపత్రుల్లో కేరళ నుంచి, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చిన నర్సులు పనిచేస్తున్నారు. వాళ్ల యాసను అనుకరించి నవ్వడం, ముఖం చూసి "ఏ దేశం?" అని అడగడం, పండగ రోజు నైట్ డ్యూటీ వాళ్ల మీదే వేయడం పైన చెప్పిన తప్పులకు ఏమాత్రం తీసిపోవు. ఇక్కడ మేము అడిగే ప్రతి హక్కూ అక్కడ వాళ్లకూ దక్కాలని అడుగుతాం. విదేశీ ఉద్యోగాలకు నర్సులను సిద్ధం చేసే తెలంగాణలోని టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లోని ఓంక్యాప్ లాంటి ప్రభుత్వ సంస్థలకు ఒక విన్నపం: భాషతో పాటు వార్డు నడవడిక కూడా నేర్పండి. డాక్టర్‌ను ప్రశ్నించడం, నివేదిక రాయడం, కాంట్రాక్టు చదవడం, యూనియన్‌లో చేరడం విమానం ఎక్కకముందే తెలియాలి.

ఏం చేయాలి?

ప్రతి వార్డూ మూడు నెలలకోసారి నాలుగు కాగితాలు బల్ల మీద పెట్టాలి: ఎవరికి ఏ బే ఇచ్చారో చూపే అలొకేషన్ షీట్లు, ఐవీ సంతకాల తేదీలు, ఎవరి మీద ఎన్ని డేటిక్స్ నివేదికలు వచ్చాయన్న పట్టిక, ఇన్‌చార్జిగా ఎవరెవరు చేశారన్న జాబితా. ఏ దేశంలో శిక్షణ పొందినవారికి ఏది ఎంత దక్కిందో అందరూ కలిసి చదవాలి. తేడా కనిపిస్తే కారణం మేనేజర్ చెప్పాలి. కారణం నిలబడకపోతే మరుసటి రోటాలోనే సరిదిద్దాలి. ఆ కాగితాల్లో మా తప్పులు బయటపడితే మేమూ సమాధానం చెప్తాం.

ఈ ఎనిమిది సూత్రాలూ తెలుగులో రాసినా తెలుగువారికే పరిమితం కావు. వీటికి ఒప్పుకునే ప్రతి సహోద్యోగీ, ఎక్కడ పుట్టినా సరే, మా సంతకాల పక్కన తన సంతకం చేయవచ్చు. మొదటి నాలుగు కాగితాలు వచ్చే వార్డు మీటింగులోనే అడుగుతున్నాం.