స్క్రూడ్రైవర్ ఎవరి చేతిలో?

వెంకటగిరికోటలో మా సభ్యురాలు ఒకామె ఇంటికి పోయినేడు అంట్లు తోమే యంత్రం వచ్చింది. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న కూతురు కొని పంపింది. మూడు నెలలు బాగానే పనిచేసింది. ఒకరోజు తలుపు తీస్తే అడుగున మురికినీళ్లు నిలిచి ఉన్నాయి. ఫోన్లు చేయగా చేయగా ఎనిమిదో రోజుకు మెకానిక్ వచ్చాడు. వచ్చినవాడు వరండాలో పేపరు చదువుకుంటున్న ఆమె భర్తను అడిగాడు, "ఏమైంది సార్?" అని. ఆ సారుకు గిన్నెలు ఏ అరలో సర్దుతారో కూడా తెలియదు. చప్పుడు ఎప్పుడు మారిందో, నీళ్లు ఎప్పటినుంచి నిలుస్తున్నాయో తెలిసింది ఆమెకు. చెప్పబోతే "మీరుండండమ్మా" అన్నాడు. లోపల ఏం చేశాడో చూడనివ్వలేదు. బిల్లు మాత్రం ఇచ్చిపోయాడు.

నెల తిరక్కుండా మళ్లీ అదే జబ్బు. ఈసారి ఆమె ఎవరినీ పిలవలేదు. ప్లగ్గు పీకింది, కొళాయి కట్టేసింది. మగ్గుతో, గుడ్డతో నీళ్లు తోడేసింది. కింది అరను బయటికి లాగి, అడుగునున్న జల్లెడను తిప్పి ఊడదీసింది. అందులో ఒక చింతగింజ, కరివేపాకు ఈనెలు, జిగురుగా పేరుకున్న రాగిసంగటి. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగి మళ్లీ బిగించింది. పావుగంట పని.

ఈ ముచ్చట సంపాదకీయానికి ఎక్కడమేమిటని మాలోనే ఒకరు అడిగారు. కుప్పం, పుంగనూరు పల్లెల్లో డిష్‌వాషర్ ఉన్న ఇళ్లు ఎన్ని అని కూడా అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మన ఇళ్లలో అంట్లు తోమే యంత్రం ఇప్పటికీ ఆడమనిషే. 2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపనికి స్త్రీలు రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. అదీ ఆ పని ముట్టుకున్న పురుషుల లెక్క. అసలు ముట్టుకోనివాళ్లు ఈ సగటులోకి రారు!

ఈ యంత్రాన్ని పనికొచ్చేలా తయారుచేసింది కూడా ఒక స్త్రీయే. అమెరికాలోని షెల్బీవిల్‌లో జోసెఫిన్ కాక్రన్ అనే సంపన్న గృహిణి ఉండేది. పనివాళ్ల చేతుల్లో తన పింగాణీ పళ్లేల అంచులు విరుగుతున్నాయన్నది ఆమె దిగులు. పనివాళ్ల చేతులు అరుగుతున్నాయని కాదు. ఈ సంగతి దాచిపెట్టి ఆమెను పొగడనక్కర్లేదు. అయితే భర్త అప్పులు మిగిల్చి పోయాక, ఒక మెకానిక్‌ను తోడు పెట్టుకుని ఇంటి వెనక షెడ్డులో యంత్రం కట్టి, 1886 డిసెంబరులో పేటెంటు పొందింది. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో దాన్ని పెట్టింది. మొదట కొన్నవి హోటళ్లు. ఆడదాని బుర్రలో పుట్టిన యంత్రాన్ని విప్పేటప్పుడు ఆడదాన్ని పక్కకు జరగమనడం ఎక్కడి ఆచారం?

పనికి కుదిరిన మనిషి మాటా ఉంది. కుప్పంలో రైలెక్కి బెంగుళూరు ఇళ్లలో పనికి పోయే స్త్రీలు మనకు తెలుసు. అక్కడ యంత్రం ఆగితే మొదటి నింద ఆమె మీదే. "నువ్వే పాడుచేశావు" అని జీతంలో కోత పెడితే, జల్లెడ తీసి చూపించగలిగిన మనిషి నోరు మూసుకుని ఉండనక్కర్లేదు. ఇంటిపని కార్మికుల హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడికను మన దేశం ఇంకా ధ్రువీకరించలేదు. దాని కోసం అడుగుతూనే ఉందాం, ఈలోగా చేతికి అందే తెలివిని ఎందుకు వదులుకోవాలి?

మన ప్రాంతంలో ఈ యంత్రానికి పెద్ద శత్రువు బోరు నీళ్ల ఉప్పదనం. గ్లాసుల మీద తెల్లటి పొర కనిపిస్తే సబ్బు తప్పని అనుకుంటాం. లోపల ఉప్పు వేసే గూడు ఉంటే అది నిండుకుందేమో చూడండి. కూరలో వేసే అయొడైజ్డ్ మెత్తటి ఉప్పు అందులో వేయకూడదు, ఆ యంత్రానికని అమ్మే గళ్ల ఉప్పే వేయాలి. అప్పుడప్పుడు గిన్నెలు లేకుండా నిమ్మఉప్పుతో వేడి నీళ్లలో ఒకసారి నడిపితే పేరుకున్న సున్నం వదులుతుంది. గిన్నెలకు మెతుకులు అలాగే అంటుకుని ఉంటే, నీళ్లు చిమ్మే రెక్కల బెజ్జాలు మూసుకుపోయి ఉంటాయి. రెక్క ఊడదీసి చీపురుపుల్లతో పొడిస్తే చాలు. నీళ్లే ఎక్కకపోతే, కొళాయి దగ్గర పైపు బిగించేచోట చిన్న జాలి ఉంటుంది, ఇసుక అందులోనే ఆగుతుంది. మిద్దె మీది ట్యాంకు మరీ తక్కువ ఎత్తులో ఉన్నా నీళ్ల వేగం చాలదు. అది యంత్రం జబ్బు కాదు. నీళ్లు బయటికి పోకపోతే జల్లెడ తర్వాత చూడాల్సింది వెనక పైపు మడత పడిందేమోనని.

కాలిన వాసన వచ్చినా, తాకితే జివ్వుమన్నా, ఫ్యూజు ఎగిరిపోతున్నా మాత్రం చేయి పెట్టవద్దు. మన ఇళ్లలో చాలాచోట్ల మూడు రంధ్రాల ప్లగ్గు ఉంటుంది, ఎర్తు ఉండదు. యంత్రం కొనకముందే అది సరిచూపించుకోవాలి. వైర్ల పని తెలిసినవాళ్లకే వదలాలి. అయితే ఆ తెలిసినవాళ్లలో ఆడవాళ్లు ఎందుకు లేరని అడగడం మానకూడదు.

ఉత్తరప్రదేశ్‌లోని బాందా ప్రాంతంలో 1990ల్లో మహిళా సమాఖ్య శిక్షణతో చదువు రాని దళిత స్త్రీలు చేతిపంపులు విప్పి బాగుచేశారు. అంతకుముందు పంపు చెడితే బిందె మోసేది ఆడది, పానా పట్టేది మగవాడు. 2022 డిసెంబరులో కేంద్రం "మరమ్మతు హక్కు" పేరిట ఒక పోర్టల్ తెరిచింది. వస్తువు తయారుచేసిన కంపెనీలు మరమ్మతు వివరాలు, విడిభాగాల సమాచారం అందులో ఉంచాలన్నది ఉద్దేశం. మంచిదే. కానీ ఆ పుస్తకాలు తెలుగులో లేనప్పుడు హక్కు ఇంగ్లీషు చదువుకున్నవాళ్ల దగ్గరే ఆగిపోతుంది. యంత్రంతో పాటు తెలుగు పుస్తకం ఇవ్వమని కొన్నచోటే, బిల్లు కట్టకముందే అడగాలి.

ఈసారి కోటలో జరిగే సమావేశానికి ఎవరింట్లో మిక్సీ పాడై అటక మీద ఉంటే తీసుకురండి. చాలావాటికి అడుగున ఎర్ర మీట ఉంటుంది. బరువెక్కి ఆగిన మిక్సీ చల్లారాక అది నొక్కితే మళ్లీ తిరుగుతుంది. దీనికి కూడా దుకాణంలో డబ్బులిచ్చినవాళ్లం మాలోనే ముగ్గురు ఉన్నాం. జల్లెడ విప్పినామె స్క్రూడ్రైవర్ తెస్తానంది. పాత టూత్‌బ్రష్‌లు మీరు తేండి.